మాస్టారి నియోజకవర్గం

మొన్న ఆదివారం పొద్దున మా వీధిలోకి ఓటర్ల జాబితా సరిచూసే అమ్మాయి వచ్చింది. చంకలో ఫైలు, చేతిలో ఫోను. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, "కొత్తగా ఓటొచ్చినోళ్లున్నారా? పెళ్లయి పోయినోళ్లున్నారా? చనిపోయినోళ్లున్నారా?" అని ఒకే ఊపులో అడిగేస్తోంది. మా ఎదురింటి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది. ఆ ఇంటాయన దగ్గర పౌరశాస్త్రం చెప్పించుకునే ఆ పిల్ల ఇంటర్ గట్టెక్కింది మరి.

"అమ్మా, మాస్టారి పేరు తీసెయ్యాలంట. ఫారం నింపి సంతకం పెట్టాల," అంది.

పిన్ని గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పిన్ని అంటే మాస్టారి భార్య. మాకు చుట్టరికం ఏమీ లేదు, వీధి వరస. తలెత్తకుండానే నా వంక చెయ్యి చూపించింది. "అడుగో, ఎదురుగా ప్లీడరున్నాడుగా, వాడు నింపుతాడు. ఆయన ఓట్ల సంగతి వాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసుద్ది?" అని ఒక నవ్వు నవ్వింది.

ఆ నవ్వు నాకు ఆరేళ్లుగా పరిచయం. కాఫీ గ్లాసు అందించే ప్రతిసారీ అదే నవ్వు. ఎందుకు నవ్వుతుందో మాత్రం మొన్నటిదాకా నాకు తెలియదు.

ఫారం తీసుకుని వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. పేరు రాసే గడి దగ్గరే కలం ఆగిపోయింది. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. రాస్తే మాస్టారు ఒప్పుకోరు. "ప్రచారం గడువు ముగిసిందిరా" అంటారు.

ఊళ్లో ఆయనకు రెండు పేర్లుండేవి, రెండూ పెట్టాల్సిన చోట పెట్టినవి కావు. కోర్టులో జడ్జీ నుంచి జవాను దాకా అందరూ మాస్టారు అనేవారు. ట్యుటోరియల్‌లో పిల్లలేమో ప్లీడరు గారు అనేవారు. ఇటు లాయర్లు ఆయన్ని బతకలేక పాఠాలు చెప్పుకునేవాడి కింద లెక్కగట్టారు, అటు పంతుళ్లు వాదనల మనిషి అని దూరం పెట్టారు. ఆయనకు మాత్రం రెండూ ఒకే పని. పొద్దున పాఠం చెప్పి, చేతులకు సుద్ద దులుపుకోకుండా నల్ల గౌను తగిలించుకుని కోర్టుకు నడిచేవారు. గౌను ఎడమ చెయ్యి ఎప్పుడూ తెల్లగానే ఉండేది. ఇస్త్రీ అనే మాట ఆయన బట్టలకు తెలియదు. ఉతికి ఆరేసిన చొక్కా దండెం మీద ఎన్ని ముడతలు పడితే అన్ని ముడతలతోనూ ఒంటి మీదికి వచ్చేది.

కోర్టులో వాదన ముగించి, అలవాటు కొద్దీ జడ్జీగారి వంక చూసి "అర్థమైందా?" అనేవారు. కొత్తగా వచ్చిన జడ్జీలు మొదటిసారి ఉలిక్కిపడేవారు. పాతబడ్డాక, "అర్థమైంది మాస్టారూ" అని బుద్ధిగా రాసుకునేవారు. క్లాసులో దానికి తలకిందులు. గంట కొట్టగానే సుద్దముక్క బల్ల మీద పెట్టి, "మిగతాది రేపటికి వాయిదా" అనేవారు. ఆ ట్యుటోరియల్ పురుగుమందుల కొట్టు పైన రెండు గదుల్లో నడిచేది. కింద రైతులు పత్తి మందు కొనుక్కుంటుంటే ఆ ఘాటు మెట్లెక్కి మా దగ్గరికి వచ్చేది. నేను అక్కడే ఇంటర్ సివిక్స్ రెండోసారి రాసి గట్టెక్కాను, అక్కడే లా ప్రవేశ పరీక్షకు చదివాను, తర్వాత ఆయన దగ్గరే జూనియర్‌గా చేరాను. ఇప్పటికీ పురుగుమందు వాసన తగిలితే నాకు ప్రాథమిక హక్కులు గుర్తొస్తాయి.

పాఠాలు ఎన్ని చెప్పినా ఆయన అసలు పట్టు రెండింటి మీదే. మొదటిది, అవతలివాడి మాట వినకుండా తీర్పు చెప్పకూడదు. ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా రెండు వేళ్లెత్తి, రెండోదాన్ని కొంచెం ఆడించి, "రెండో పక్షం?" అనేవారు. పక్కవాడు నా పెన్ను తీశాడండీ అంటే "రెండో పక్షం?" కూరలో ఉప్పెక్కువైందని ఎవరన్నా అంటే, వంటింటి వంక చూసి "రెండో పక్షం?" వంటింట్లోంచి పిన్ని, "రెండో పక్షం గరిటె పట్టుకునుంది, రమ్మంటారా?" అనేది.

రెండోది, ఎవడి కేసులో వాడు జడ్జీగా కూర్చోకూడదు. ఇది మాకు పుస్తకంలో కన్నా బజ్జీల దగ్గర బాగా ఎక్కింది. సాయంత్రం పూట మిరపకాయ బజ్జీ తెప్పించి, దాన్ని రెండు ముక్కలు చేసే పని ఒకడికి ఇచ్చేవారు. కోసినవాడు ముందు తీసుకోకూడదు. ఎదుటివాడు తీసుకున్నాక మిగిలిందే వాడిది. మేం దారం పెట్టి కొలిచి కోసేవాళ్లం. తను పెట్టిన పరీక్షను తను దిద్దేవారు కాదు. పాఠం చెప్పిందీ నేనే, పిల్లలు బాగా రాశారనేదీ నేనేనా అని ఆ కాగితాలు ఇంకో పంతులుకు పంపేవారు. ఆ పంతులు మమ్మల్ని చితక్కొట్టేవాడు, అది వేరే విషయం.

ఇలాంటి మనిషి పార్లమెంటుకు నిలబడతానంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు.

అది కూడా క్లాసులోనే మొదలైంది. ఎంపీ అంటే ఏం చేయాలి, సభలో ఎలా ప్రశ్న అడగాలి, బిల్లును ఎలా చదవాలి అని గంటసేపు చెప్పారు. వెనక బెంచీలోంచి నాపరాళ్ల గనిలో పనిచేసే మనిషి కూతురు ఒకతె లేచి, "అట్టాంటోడు మన కాడ ఎప్పుడన్నా నిలబడ్డాడా సార్?" అంది. మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. ఆ రోజు వాయిదా అని కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. మూడో రోజు నన్ను పిలిచి నామినేషన్ కాగితం ముందు పెట్టారు. ఇండిపెండెంటుకు బలపరిచేవాళ్లు పదిమంది కావాలి. మొదటి సంతకం నాది.

"గెలుస్తామంటారా మాస్టారూ?" అన్నాను.

"గెలవడం ఎవడిక్కావాల్రా? ముప్పై ఏళ్లు ఓటంటే ఏందో పాఠం చెప్పా. కులం చూడకుండా, నోటు చూడకుండా, మనిషిని చూసి ఏసేవాడు నా సొంత బూతులో ఒక్కడన్నా తేలతాడా అని. ఒక్కడు తేలితే చాలు, పాఠం ఎక్కినట్టే. తేలకపోతే నేను ముప్పై ఏళ్లూ గోడకు చెప్పినట్టు." నవ్వుతూనే అన్నారు గానీ, కళ్లద్దాలు తీసి గౌనుతో తుడవడం మొదలుపెట్టారు. అది ఆయన మనసు కదిలినప్పుడు చేసే పని.

"ఏ మొహమాటమూ లేదు మాస్టారూ, నా ఓటు మీకే," అన్నాను. వెంటనే రెండు వేళ్లూ పెదాల మీద పెట్టుకున్నారు. "ష్! ఓటు రహస్యం. చెప్పబాకు. నేను అడగను."

ఆయన గెలుస్తారేమోనని ఊరు మొత్తం మీద భయపడింది పిన్ని ఒక్కతే. "ఢిల్లీలో ఈయనకి గోంగూర ఎవరు నూరతారు? మాత్రలు ఎవరు గుర్తు చేస్తారు? చొక్కా తిరగేసి తొడుక్కుని సభకి పోతాడు," అని మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు గుమ్మంలో నిలబడి వీధంతా వినేట్టు అరిచింది. "నా ఓటు ఆ మనిషికి ఏస్తే ఒట్టు! కావాలంటే రాసిస్తా!" లోపలి నుంచి మాస్టారు, "రాసివ్వబాకే, అది రహస్యం," అన్నారు.

గుర్తుగా నల్లబల్ల అడిగారు. ఇచ్చింది ఇస్త్రీపెట్టె. ఆ కబురు విని కోర్టు ఆవరణ మొత్తం ఒక రోజు పని మానేసి నవ్వింది. మా వీధి మలుపులో ఇస్త్రీ బండతను మాత్రం తన కోసమే పెట్టారనుకుని బండికి పూలదండ వేశాడు. "ముందు నీ చొక్కా ఇస్త్రీ చేసుకోవయ్యా" అని అవతలి పార్టీల కుర్రాళ్లు అరిస్తే, మాస్టారు మైకులో, "సబబైన మాట. కానీ అభ్యర్థి చొక్కా ఎన్నికల ప్రవర్తనా నియమాల్లో లేదు," అని బదులిచ్చేవారు.

ప్రచారం అంటే ఒక ఆటో, ఒక మైకు, మాస్టారు, నేను. ఆటో ఆగగానే నలుగురు మూగేవాళ్లు.

"అయ్యా, మా డొంక రోడ్డు ఏయిస్తారా?"

"అది పంచాయితీ పని. నా పరిధిలోకి రాదు."

"బోరు?"

"అదీ రాదు."

"మరి మీ పరిధిలోకి ఏమొచ్చుద్దయ్యా?"

"అడగడం. నేను ఢిల్లీ పోయి మీ తరఫున అడుగుతా."

"అడగటానికి ఢిల్లీ దాకా ఎందుకయ్యా, మేం ఈడ కూచుని రోజూ అడుగుతానే ఉన్నాం!" అంది ఒక ముసలమ్మ. మాస్టారు ఆవిడ మాటను నోటుబుక్కులో రాసుకున్నారు.

అసలు నష్టం ఆ రెండో పక్షం జబ్బు వల్ల జరిగింది. మిర్చి కల్లాల దగ్గర ఆడవాళ్లు రంగుపోయిన తాలుకాయలు ఏరుతుంటే ఆటో ఆపి, తన సంగతి రెండు ముక్కల్లో చెప్పి, "ఇప్పుడు రెండో పక్షం వినండి. నా మీద పోటీ చేసేవాళ్లు ఏమంటున్నారంటే..." అని మొదలుపెట్టేవారు. ఘాటుకు తుమ్ముతూనే వాళ్ల తరఫు వాదన వరసగా, ఉదాహరణలతో సహా, వాళ్లే చెప్పుకోలేనంత బాగా చెప్పేవారు. ఆడవాళ్లు కాయలు వదిలేసి వినేవారు. చివరికి, "బాగా చెప్పారయ్యా. ఇన్నాళ్లూ మాకు తెలవలా. వాళ్లకే ఏస్తాం," అనేవారు. ఒక పార్టీవాళ్లు ఆ ఉపన్యాసాన్ని ఫోనులో పట్టి ఊరూరా వినిపించారు. నేను నెత్తి కొట్టుకుంటే, "అబద్ధం ఏమన్నా చెప్పానా?" అని నన్నే నిలదీశారు.

మాచవరం దగ్గర ఒక ఊళ్లో అన్నదమ్ములిద్దరు మురుగు కాలవ గురించి కొట్టుకుంటుంటే సరిగ్గా వాళ్ల మధ్యకే వెళ్లి ఆగింది మా ఆటో. అన్న ఒక పార్టీ, తమ్ముడు ఇంకో పార్టీ. ఏళ్ల తరబడి మాటల్లేవు. మాస్టారు మైకు ఆపించి నులకమంచం మీద కూర్చున్నారు. ఒకడి మాట విన్నారు, రెండోవాడి మాట విన్నారు, కాలవ చూశారు, కొలిచారు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజు తిరగాల్సిన నాలుగు ఊళ్లు గాలికి పోయాయి. పోతేపోయాయి, ఈ ఊరన్నా ఖాయం అనుకున్నాను.

ఫలితాల్లో ఆ ఊళ్లో మాస్టారికి సున్నా. తర్వాత ఒక రోజు అన్నగారు కోర్టుకు వచ్చి, తలపాగా తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "మాస్టారూ, ఏమనుకోబాకండి. ఇన్నాళ్లూ నేనో పార్టీ, వాడో పార్టీ. మీ దయవల్ల కలిశాం గదా. కలిసినోళ్లం మళ్లీ రెండు పార్టీలు ఎందుకని ఇద్దరం ఒకదానికే ఏశాం."

"నాక్కాదు గదా?" అన్నారు మాస్టారు.

"మీకు కాదులెండి."

మాస్టారు బార్ రూములో బల్ల మీద చరుస్తూ కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. "రాజీ పక్కాగా కుదిరిందిరా!" అన్నారు.

పోలింగు రోజున మా వీధి బూతులో నేను ఆయన ఏజెంటును. పొద్దున్నే మాస్టారు వరసలో వచ్చారు. వేలికి సిరా పెట్టించుకుని అట్ట మాటుకు వెళ్లారు. ఎంతసేపటికీ మిషను కూత రాలేదు. వెనకవాళ్లు గొణిగారు. మిషను మీద తన ఫోటో చూసుకుని మురిసిపోతున్నారనుకున్నాను. కడపటికి కూత వచ్చింది, ఆయన పెద్ద బరువు దించినట్టు బయటికి వచ్చారు. కాసేపటికి పిన్ని వచ్చింది. వెళ్లింది, వెంటనే కూత వచ్చింది, పైట చెంగుతో ముక్కు తుడుచుకుంటూ ఎవరి వంకా చూడకుండా పోయింది. ఎవరికి వేసిందో అడగాల్సిన పని లేదు, వీధంతటికీ ముందే చెప్పింది.

తర్వాత నేను వెళ్లాను. మెడలో మాస్టారు స్వయంగా రాసిచ్చిన ఏజెంటు పాసు ఉంది. ఇస్త్రీపెట్టె ఎక్కడో కింద ఉంది. పైన మా తాత కాలం నుంచి మా ఇంట్లో వేస్తున్న గుర్తు. పోటీ గట్టిగా ఉందని నెల రోజులుగా ఊరంతా అంటున్నారు. ఈయన ఎటూ గెలవడు, ఈయనకు వేస్తే ఓటు మురిగిపోతుంది కదా అనిపించింది. "మురిగిపోవడానికి ఓటేమన్నా టమాటానా?" అని ఇదే మాట మీద మాస్టారు మమ్మల్ని ఎన్నిసార్లు తిట్టారో లెక్కలేదు. అయినా వేలు పైకే పోయింది. ఏ గుర్తుకు వేశానో చూపించే చీటీ గాజు వెనక ఏడు సెకన్లు నిలబడింది. నా జీవితంలో అంత పొడుగాటి ఏడు సెకన్లు ఇంకెప్పుడూ చూడలేదు. సిగ్గేసింది. వచ్చి కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా మాస్టారి తరఫున కాపలా కాశాను.

నోటాకు వచ్చినన్ని కూడా మాస్టారికి రాలేదు. "నోటా గారు బలమైన అభ్యర్థి. ఆటో కూడా కట్టలేదు," అని మెచ్చుకున్నారు. ఆయన కాచుకున్నది బూతులవారీ లెక్క కోసం. అది రాగానే నా చేత కాగితాల మీద అచ్చు తీయించి, ఇదే అరుగు మీద కూర్చుని, మార్కుల రిజిస్టరు చూసినట్టు స్కేలు పెట్టుకుని ఒక్కో వరసా దించారు. మా వీధి బూతు దగ్గర స్కేలు ఆగింది.

"ఒకటి," అన్నారు.

నా చెవులు కాలిపోయాయి. ఆ ఒకటీ ఆయన వేసుకున్నదే కదా. అంటే నేను వెయ్యలేదని ఆయనకు తెలిసిపోయింది. మాస్టారు తలెత్తి నన్ను చాలాసేపు చూశారు. కళ్లద్దాలు తీసి తుడిచారు.

"మాస్టారూ, ఆ రోజు నేను..." అన్నాను.

రెండు వేళ్లు పెదాల మీదికి వెళ్లాయి. "ష్! రహస్యం. చెప్పబాకు, నేను అడగను."

మర్నాడు నేను వాళ్ల గుమ్మం ఎక్కుతుంటే లోపలికి కేకేశారు. "ఏమే, నా నియోజకవర్గం వచ్చింది! కాఫీ పెట్టు!"

అప్పటి నుంచీ నా పేరు అదే. బార్ రూములో కొత్తవాళ్లకు నన్ను చూపించి, "వీడు నా నియోజకవర్గం," అనేవారు. వాళ్లు నవ్వేవారు, నేను చచ్చేవాణ్ణి. ప్రతి ఆదివారం నియోజకవర్గ పర్యటన అని మా ఇంటికి వచ్చేవారు. "సమస్యలేమన్నా ఉన్నాయా?" అని కారే కుళాయి చూసేవారు, పెచ్చులూడిన గోడ చూసేవారు. మా ఇంటి ముందు మురుగు నిలుస్తోందని మున్సిపాలిటీకి పదకొండు అర్జీలు రాసి, చివరికి కాలవ తీయించారు. మా అమ్మాయికి పరీక్షలైతే రోజూ వచ్చి కూర్చుని చదివించారు. మా ఆవిడ గుంటూరులో ఆస్పత్రిలో ఉన్నప్పుడు మూడు రోజులు వరండాలో బెంచీ మీదే ఉన్నారు. "మీరెందుకు మాస్టారూ, వెళ్లండి" అంటే, "ఓటేసినోణ్ణి వదిలేసి పోయే ఎంపీని కాదురా నేను," అన్నారు. ఆ మాట నాకు సూదిలా దిగింది.

నేను వెయ్యలేదని తెలిసీ, ఒక్క తిట్టు తిట్టకుండా, మంచితనంతోనే నన్ను రోజూ ఎత్తిపొడుస్తున్నారని నా నమ్మకం. కక్షలకు పేరుపడ్డ పల్నాడులో కూడా ఇంత ఓపిగ్గా, ఇంత పకడ్బందీగా కక్ష తీర్చుకునే మనిషిని నేను చూడలేదు. ఒప్పేసుకుందామని ఎన్నిసార్లు నోరు తెరిచినా ఆ రెండు వేళ్లు అడ్డం వచ్చేవి. మొన్న ఎండాకాలం మంచాన పడ్డాక కూడా అంతే. "మాస్టారూ, ఒక్క మాట చెప్పనివ్వండి," అన్నాను. వేళ్లు ఎత్తే ఓపిక లేదు. దుప్పటి మీదే రెండు వేళ్లు కదిలాయి. "పదవీకాలం అయిపోయిందిరా," అన్నారు. పెద్దకర్మ అయిన రోజు పిన్ని ఆయన గౌను తెచ్చి నా చేతిలో పెట్టింది. దానికి గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. "నా నియోజకవర్గానికి" అని మాస్టారి చేతిరాత. ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను. తొడుక్కునే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఇదంతా తలుచుకుంటూ మొన్న ఫారం ముందు అలా కూర్చుండిపోయాను. ఆ పిల్ల పక్క ఇళ్లు చూసొస్తానని వెళ్లింది.

"ఏందిరా, పేరు మర్చిపోయావా?" అంది పిన్ని.

"ఏం లేదు పిన్నీ. ఆయన ఓటు ఒక్కటే ఆయనకు పడింది గదా, అది గుర్తొచ్చింది."

పిన్ని చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "ఆయన ఓటా? ఆయన తనకి ఏసుకోలేదుగా!"

"ఏందీ?"

"ఇంటికొచ్చి అన్నం తింటా చెప్పాడు. 'నా కేసులో నేనే జడ్జీగా ఎట్టా కూచుంటానే? వేరే ఆయనకేశా,' అన్నాడు. ఎవరికి అంటే చెప్పలా. రహస్యమంట."

ఆ రోజు బూతులో అంతసేపు కూత ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. మనిషి తన ఫోటో చూసి మురిసిపోలేదు. అంతమందిలో తనకన్నా ఎవరు నయమో అక్కడ నిలబడి ఆలోచించారు.

"మరి ఆ ఒక్క ఓటూ?"

"ఆయన లెక్క ఆయనది. తను ఏసుకోలా. నేను ఏయనని వీధెక్కి అరిచా. ఇంక మిగిలింది నువ్వేగా? ఆ కాగితం చూసిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడురా అబ్బాయ్. 'ఒక్కడికన్నా ఎక్కిందే నా పాఠం. మనోడు ఏశాడు,' అని పసిపిల్లోడల్లే నవ్వుకున్నాడు."

ఆరేళ్లు నేను ఎత్తిపొడుపు అనుకున్నది ఎత్తిపొడుపు కాదు. ఆ మనిషి నిజంగానే నన్ను చూసి మురిసిపోయాడు. ఆ కాలవ, ఆ ఆస్పత్రి బెంచీ, ఆ గౌను, అన్నీ నేను వెయ్యని ఓటుకే. ఇంక ఆపుకోలేకపోయాను.

"పిన్నీ, నేను వెయ్యలేదు."

"తెలుసులేరా," అంది పిన్ని, కాయ ఈనె తీస్తూ. "పడింది ఒక్కటి. అది నాది."

ఫారం పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగాను.

"ఏయకూడదనే పోయా. లోపలికి పోతే ఆ మిషను మీద ఈయన ఫోటో. ఆ ముడతల చొక్కా, ఆ దిక్కుమాలిన మొహం. చుట్టూ అంతా నున్నగా తయారైనోళ్లు. అంతమందిలో మొగుణ్ణి ఒంటరిగా వదిలేసి ఎట్టా వస్తాన్రా? నొక్కేశా."

"ఆయనకు చెప్పొచ్చుగా!"

"చెబితే మళ్లీ నిలబడడూ? ఇంట్లో ఒక ఓటు ఖాయమని తెలిస్తే ఆ మనిషి ఆగుతాడా?" ఆవిడ నవ్వబోయి ఆగింది. చెంగుతో మొహం తుడుచుకుంది. "అయినా నువ్వేశావని సంతోషంగా ఉన్నాడు. పెళ్లాం ఏస్తే అందులో ఏముంది? శిష్యుడు ఏశాడంటేనే ఆయనకి గొప్ప. అది నేనెందుకు చెడగొట్టాల? నువ్వు చెప్పబోతే వద్దన్నాడు చూడు, అప్పుడు మాత్రం నాకు లోపల గుండె దడదడలాడేది, ఎక్కడ చెప్పేస్తావో అని."

ఆరేళ్లూ ఆ కాఫీ గ్లాసు వెనక నవ్వు ఇదీ. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది, మధ్యలో నవ్వు కూడా వచ్చింది. ముప్పై ఏళ్ల పాఠం ఎక్కింది, అయితే బెంచీ మీద కూర్చున్న నాకు కాదు. ఆ సంగతి ఆయనకు తెలియకుండానే వెళ్లిపోయారు.

వీధి చివరి నుంచి ఆ పిల్ల తిరిగి వచ్చింది. మాస్టారి పేరు ఇంటిపేరుతో సహా నా చేతిరాతలో కుదిరినంత అందంగా రాశాను. కారణం గడి నింపాను. పిన్ని సంతకం పెట్టింది. ఆ పిల్ల ఫారం ఫైలులో పెట్టుకుని, అరుగుకు దణ్ణం పెట్టి వెళ్లింది.

"ఈసారి ఓటుకి ఇద్దరం కలిసే పోదాం. నీ ఏలు మీద నాకు నమ్మకం లేదు," అంది పిన్ని.

సరేనని చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాను. సగం దూరం వచ్చాక వెనక నుంచి వినబడింది.

"ఒరే నియోజకవర్గం! కాఫీ తాగి పో!"

ఆ పేరుకు నేను తగనని ఇప్పుడు మా ఇద్దరికీ తెలుసు. అయినా పలికాను.

"వస్తున్నా పిన్నీ."